ముప్పదింట ఒకటి – నూటికి ముప్పది

మార్కాపురం పేరు వినగానే పాతతరం వారికి మొదట స్ఫురించేది పలక. నల్లమల కొండలకు తూర్పున మార్కాపురం, కంభం పరిసరాలలో నేల అడుగున పొరలు పొరలుగా పరచుకొని ఉన్న పలకరాతిని తవ్వి తీసి, పలుచని బిళ్లలుగా చీల్చి, అంచులు కోసి, నునుపు చేసి, చుట్టూ కొయ్యచట్రం బిగించి పంపిన పలకల మీదనే తెలుగునాట కొన్ని తరాల పిల్లలు ఓనమాలు దిద్దారు. తరువాతి కాలంలో అట్టపలకలు, ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు వచ్చి బడిపలకకు గిరాకీ తగ్గించాయి. రాయి మాత్రం గోడలకూ నేలకూ పరిచే అలంకారశిలగా రూపం మార్చుకొని విదేశాలకు కూడ ఎగుమతి అవుతూ వచ్చింది.

గనిలో ఉన్నప్పుడు ఆ రాతికి ఒక ధర. కొన్నవాని ఇంటికి చేరినప్పుడు వేరొక ధర. గని నుండి ఎత్తినందుకు ప్రభుత్వానికి చెల్లించే సీనరేజి, లారీ కిరాయి, టోకు వర్తకుని లాభం, చిల్లర అంగడివాని లాభం ఈ రెండు ధరల నడుమ చేరుతాయి. ఎర్రగొండపాలెం, మార్కాపురం పొలాలలో మిరప పండించిన రైతు బస్తాలను గుంటూరు యార్డుకు తోలుకొని పోయినప్పుడు కూడ ఇదే వరుస. కమీషన్ ఏజెంటు లెక్కల చీటీ చేతికిచ్చినప్పుడు రైతు చూపు పైనున్న మొత్తం మీద కన్న అడుగున ఉన్న మినహాయింపుల మీదనే ముందుగా పడుతుంది. సరకు చేసినవానికీ కొన్నవానికీ నడుమ నిలిచినవాడు తన వాటాగా ఎంత తీసుకోవచ్చు? అంగడి పుట్టిన నాడే పుట్టిన ఈ ప్రశ్న, నేడు ప్రతివారి చేతిలోనూ వెలుగుతున్న గాజుపలక మీదికి వచ్చి నిలిచింది.

ఈ ప్రశ్నకు ఒక సమాధానం ఈ ప్రాంతానికి తూర్పు దిక్కుననే రాతిమీద చెక్కి ఉన్నది. చిరకాలం ప్రకాశం జిల్లాలో భాగమై, 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరిన మోటుపల్లి కాకతీయుల కాలంలో పేరెన్నికగన్న రేవు. అక్కడి వీరభద్రాలయ మండప స్తంభం మీద కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం కనిపిస్తుంది. తుఫానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును అంతకు ముందరి రాజులు బలవంతంగా తీసుకొనేవారు. ప్రాణం కన్న ధనమే మిన్న అనుకొని సముద్రానికి ఎదురీదే వర్తకుల మీద దయతో, నిర్ణీతమైన సుంకం తప్ప తక్కినదంతా వారికే విడిచిపెట్టుతున్నామని గణపతిదేవుడు ఆ శాసనంలో ప్రకటించాడు. ఆ సుంకం ఎంత? ఎగుమతి, దిగుమతి సరకుల మీద ముప్పదింట ఒక వంతు. అంటే నూటికి సుమారు మూడు రూపాయల ముప్పైమూడు పైసలు. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు మొదలైన వాటి పేర్లు కూడ ఆ శాసనంలో ఉన్నాయి. ఆ రేవు వర్తకం తెలుగు కావ్యచరిత్రలో కూడ అడుగుజాడ విడిచింది. శ్రీనాథుని హరవిలాసానికి కృతిభర్త అయిన అవచి తిప్పయ్యశెట్టి దేశాంతరాల నుండి సుగంధద్రవ్యాలు తెప్పించి రెడ్డిరాజులకు అందించిన వర్తకుడే.

రాజు కోరింది ముప్పదింట ఒకటి. నేటి యాప్ స్టోర్లు తొలుత కోరింది నూటికి ముప్పది. రెండు అంకెలలోనూ ముప్పది ఉండటం కాకతాళీయమే. ఒకటి రాజ్యాదాయం, మరొకటి ప్రైవేటు సంస్థ రుసుము. కాబట్టి వీటిని పక్కపక్కన నిలిపి తీర్పు చెప్పటం తొందరపాటు అవుతుంది. అయినా రేవు ఎవరిదో, రేవు ద్వారం దాటటానికి ఎంత చెల్లించాలో, ఆ ద్వారం కాక వేరొక దారి ఉన్నదో లేదో తెలుసుకొంటే నేటి వివాదం సులభంగా బోధపడుతుంది.

చరవాణిలో ఒక్కొక్క పనికి ఒక్కొక్కటిగా అమర్చుకొనే సాఫ్ట్‌వేర్‌ను యాప్ అంటున్నారు. పాఠాలు చెప్పే యాప్, పాటలు వినిపించే యాప్, పెళ్లి సంబంధాలు చూపే యాప్, ఆటల యాప్ – ఇవన్నీ ఒక అంగడిలో కొలువుతీరి ఉంటాయి. ఆపిల్ సంస్థ 2008 జూలై 10న సుమారు 500 యాప్‌లతో తన యాప్ స్టోర్‌ను తెరిచింది. అదే సంవత్సరం అక్టోబరులో గూగుల్ ఆండ్రాయిడ్ మార్కెట్‌ను ప్రారంభించి, 2012లో దానికి గూగుల్ ప్లే అని పేరు మార్చింది. అమ్మిన ధరలో 70 శాతం రూపకర్తకు, 30 శాతం అంగడికి అన్నది ఆపిల్ పెట్టిన పద్ధతి. గూగుల్ కూడ అదే బాట పట్టింది.

ఆనాడు ఆ పద్ధతిని రూపకర్తలు నిరసించలేదు, స్వాగతించారు. దానికి కారణం లేకపోలేదు. అంతకు ముందు సాఫ్ట్‌వేర్ అమ్మాలంటే డిస్కులో నింపి, పెట్టెలో పెట్టి, పంపిణీదారుని ఒప్పించి దుకాణాలకు చేర్చవలసి వచ్చేది. చరవాణిలో రింగుటోను అమ్మాలన్నా టెలిఫోను సంస్థల దయ కావలసి ఉండేది. వచ్చిన సొమ్ములో పెద్ద వాటా ఆ సంస్థలకే పోయేది. అటువంటి రోజులలో గూగుల్‌కు ఒకేసారి 25 డాలర్లు, ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకొంటే చాలు, గిద్దలూరులో మేడమీద గదిలో కూర్చున్న యువకుడు తాను రాసిన యాప్‌ను సింగపూరులో అమ్మవచ్చును. సరకు నిలువ, హానికరమైన ప్రోగ్రాముల తనిఖీ, డబ్బు వసూలు, వాపసు, వివిధ దేశాల పన్నుల లెక్క – ఇవన్నీ అంగడి యజమానియే చూసుకొంటాడు. ఈ సేవలకు విలువ లేదని ఎవరూ అనలేరు. అసలు తగవు ఆ విలువ ఎంత అన్న దగ్గర, అది కట్టకుండా మరొక దారిన పోవచ్చునా అన్న దగ్గర మొదలయింది.

రుసుము అన్ని యాప్‌ల మీదా పడదు. ఉచితంగా ఇచ్చే యాప్‌కు లేదు. వస్తువులు, బయటి సేవలు అమ్మే యాప్‌లకూ లేదు. కిరాణా సరకు తెప్పించుకొన్నా, ఆటో పిలిచినా, మార్కాపురం రోడ్డు స్టేషనులో ఎక్కటానికి రైలు టిక్కెట్టు కొన్నా అంగడికి వాటా లేదు. యాప్ లోపలనే వాడుకొనే డిజిటల్ సరకు, అనగా పాఠాల చందా, పాటల చందా, శ్రవ్యపుస్తకం, ఆటలోని ఆయుధం వంటి వాటి మీద మాత్రమే ఈ రుసుము. తమ రూపకర్తలలో నూటికి 97 మంది ఏ రుసుమూ కట్టవలసిన వారు కారని గూగుల్ చెప్పిన లెక్కకు మూలం ఇదే. ఆ లెక్క నిజమే కావచ్చు. కాని తక్కిన ముగ్గురూ ఎవరు? సాఫ్ట్‌వేర్ అమ్మకమే జీవనాధారంగా పెట్టుకొన్నవారు. మిరప రైతు కాని వారికి మిరప యార్డు కమీషన్ భారం కాదని చెప్పినట్లే ఉంటుంది ఆ వాదం.

ఒక చిన్న లెక్క చూస్తే భారం ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. పైన చెప్పిన యువకుడు ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్ర పాఠాల యాప్ తయారుచేశాడనుకొందాం. జీఎస్టీ మాట పక్కన పెడితే నెలకు చందా 100 రూపాయలు. చేరినవారు 1,000 మంది. నెల రాబడి 1,00,000 రూపాయలు. పాఠం చెప్పిన అధ్యాపకుల పారితోషికం, చిత్రకారుని వేతనం, సర్వరు అద్దె కలిసి 60,000 రూపాయలు. మిగిలేది 40,000. ఇందులో నుండి అంగడి 30 శాతం తీసుకొంటే, ఆ 30 శాతం మిగులు మీద కాక మొత్తం రాబడి మీద లెక్కిస్తారు కనుక, 30,000 పోయి 10,000 మిగులుతాయి. కాగితం మీద నూటికి ముప్పది అని కనిపించిన కోత, లాభంలో నాలుగింట మూడు వంతులను తినివేసిందన్నమాట. 15 శాతం అయితే 25,000 మిగులుతాయి. అదే సొమ్మును విద్యార్థి యూపీఐ ద్వారా నేరుగా కట్టితే, 2020 జనవరి నుండి అమలయిన నియమాన్ని బట్టి వర్తకుని మీద రుసుము పడదు. కార్డుతో కట్టినా చెల్లింపు సంస్థ పుచ్చుకొనేది సుమారు రెండు శాతం. మునుపటి 40,000 పోకుండా ఉండాలంటే రూపకర్త ధర పెంచాలి: 15 శాతం రుసుముకు 118 రూపాయలు, 30 శాతానికి 143 రూపాయలు పెట్టాలి. ఆ పెంపు విద్యార్థి తండ్రి జేబు నుండి రావలసిందే. పెంచితే చందాదారులు తగ్గుతారన్న భయంతో పెంచకపోతే, కోత అధ్యాపకుని పారితోషికంలో పడుతుంది.

ఈ భారం తెలిసిన పెద్ద సంస్థలు అనుసరించిన మార్గాలు ఆలోచింపదగినవి. స్పాటిఫై సంగీతసంస్థ కొంతకాలం తన వెబ్‌సైటులో నెలకు 9.99 డాలర్లకు ఇచ్చిన చందానే ఆపిల్ అంగడి ద్వారా 12.99 డాలర్లకు అమ్మింది. అమెజాన్ 2011లో ఐఫోను కిండిల్ యాప్‌లో పుస్తకం కొనే మీటనే తీసివేసింది. ప్రచురణకర్తకు, రచయితకు ఇవ్వవలసినది ఇచ్చిన తరువాత పుస్తక విక్రేతకు మిగిలే భాగంలో నుండి 30 శాతం తీసి ఇవ్వటం సాధ్యం కాదు కనుక, చదవటానికి మాత్రమే యాప్‌ను ఉంచి కొనుగోలును బయటికి తరలించింది. ఇంతకన్న కటువైన నియమం మరొకటి ఉండేది. బయట తక్కువ ధరకు దొరుకుతుందన్న సంగతి యాప్ లోపల కొనుగోలుదారునికి తెలుపరాదు. రుసుము ఎంతైనా దానిమీద బేరం ఆడవచ్చు; కాని పక్క వీధిలో ఇంకొక దుకాణం ఉన్నదన్న మాటనే నోట రానీయకపోవటం సంతలలో సైతం కనరాని ఆంక్ష. ఐరోపా సమాజం 2024 మార్చిలో ఆపిల్‌కు 180 కోట్ల యూరోలకు పైగా జరిమానా విధించింది ఈ ఆంక్ష కారణంగానే.

విమర్శ పెరిగిన మీదట రుసుములు కొంత దిగివచ్చాయి. ఏటా పది లక్షల డాలర్ల లోపు రాబడి ఉన్నవారికి 15 శాతం చాలునని ఆపిల్ 2021 జనవరి నుండి, ప్రతి రూపకర్త మొదటి పది లక్షల డాలర్ల మీద 15 శాతమే తీసుకొంటామని గూగుల్ 2021 జూలై నుండి అమలుచేశాయి. చందాల మీద రుసుమును గూగుల్ 2022 జనవరి నుండి 15 శాతానికి దించింది. కనుక గిద్దలూరు యువకుని వంటి చిన్నవారికి ఆ మార్పుల తరువాత వర్తించినది ముప్పది కాదు, పదిహేను. ఈ తేడాను మరచి వాదించటం న్యాయం కాదు.

అమెరికాలో ఎపిక్ గేమ్స్ అనే ఆటల సంస్థ 2020 ఆగస్టు 13న తన ఫోర్ట్‌నైట్ ఆటలో నేరుగా డబ్బు కట్టే దారి తెరిచింది. రెండు అంగళ్లూ ఆ ఆటను తొలగించాయి, వ్యాజ్యాలు నడిచాయి. బయటి దారి చూపవచ్చునని 2021లో న్యాయస్థానం చెప్పగా, ఆపిల్ ఆ బయటి కొనుగోళ్ల మీద కూడ 27 శాతం అడిగింది. ఇది తీర్పును ధిక్కరించటమేనని 2025 ఏప్రిల్ 30న అదే న్యాయమూర్తి నిర్ణయించారు. అప్పీళ్లు ఆ తరువాత కూడ సాగాయి. గూగుల్ మీద ఎపిక్ వేసిన దావాలో 2023 డిసెంబరులో జ్యూరీ ఎపిక్ పక్షాన తీర్పు చెప్పింది. అంతకు ముందే, 2021లో, దక్షిణ కొరియా ఈ విషయంలో తొలి చట్టం చేసింది. అక్కడ ఇతర చెల్లింపు పద్ధతికి అనుమతి ఇచ్చిన గూగుల్ తన రుసుములో తగ్గించినది నాలుగు శాతం మాత్రమే. చట్టంలోని మాట అమలులోకి వచ్చేసరికి ఎంత మిగులుతుందో ఆ అనుభవం చూపింది.

భారతదేశంలో ఈ తగవుకు అదనపు బరువు ఉంది. ఇక్కడి స్మార్ట్‌ఫోన్లలో నూటికి 90కి పైగా ఆండ్రాయిడ్‌వే. వాటిలో ప్లే స్టోర్ ముందే అమర్చి వస్తుంది. 2020 సెప్టెంబరులో పేటీఎం యాప్‌ను గూగుల్ కొన్ని గంటలపాటు తొలగించటంతో వ్యాపారవర్గాలలో కలవరం బయలుదేరింది. ఆ నెలాఖరుననే, డిజిటల్ సరకు అమ్మేవారందరూ తమ చెల్లింపు పద్ధతినే వాడాలన్న నియమాన్ని గూగుల్ స్పష్టం చేసింది. నిరసన రాగా గడువును పొడిగించింది. భారత పోటీ కమిషన్ విచారణ జరిపి 2022 అక్టోబరు 25న ప్లే స్టోర్ విధానాలకు సంబంధించి 936.44 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఇతర చెల్లింపు పద్ధతులను అడ్డుకొనరాదని, బయటి ధరలను తెలుపకుండా నోరు కట్టరాదని ఆదేశించింది.

ఆ మీదట గూగుల్ చూపిన మార్గం ఇది: వేరొక సంస్థ ద్వారా డబ్బు తీసుకొనవచ్చు, అప్పుడు రుసుములో నాలుగు శాతం తగ్గుతుంది. 15 శాతం వారికి 11, 30 శాతం వారికి 26. కార్డు చెల్లింపుకు అయ్యే రెండు శాతాన్ని కూడితే 11 కాస్తా 13 అవుతుంది. రూపకర్తకు నికరంగా మిగిలినది నూటికి రెండు రూపాయలు; వాటి కోసం లెక్కలు, వాపసులు, తగాదాలు అన్నీ తానే చూసుకోవాలి. డబ్బు వసూలు చేయని అంగడికి పదకొండు శాతం దేనికని భారతీయ సంస్థలు అడిగాయి. వేదికను నిర్మించి పోషిస్తున్నందుకని గూగుల్ సమాధానం. ఈ రెండు మాటల నడుమనే తగవంతా ఉన్నది.

కొన్ని సంస్థలు మద్రాసు హైకోర్టును ఆశ్రయించాయి, ఫలితం లేకపోయింది. 2024 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు మధ్యంతర రక్షణ ఇవ్వటానికి నిరాకరించింది. మార్చి 1న గూగుల్ పది సంస్థలకు చెందిన యాప్‌లను తొలగించటం మొదలుపెట్టింది. పెళ్లి సంబంధాల భారత్ మాట్రిమొనీ, ఉద్యోగాల నౌకరీ, ఇళ్ల క్రయవిక్రయాల 99 ఏకర్స్, శ్రవ్యపుస్తకాల కుకూ ఎఫ్ఎం వంటి వాడుకలోని పేర్లు వాటిలో ఉన్నాయి. ఫోన్లలో అప్పటికే ఉన్న యాప్‌లు పనిచేస్తూనే ఉన్నా, కొత్తగా వెదికినవారికి అవి కనిపించలేదు. ఒక్క పూటలో అంగడి బోర్డు మాయమయినట్లయింది. ప్లే స్టోర్‌ను వాడుకొంటున్న రెండు లక్షలకు పైగా భారతీయ రూపకర్తలు నియమాలు పాటిస్తుండగా ఈ పది సంస్థలే రుసుము ఎగగొట్టుతున్నాయని గూగుల్ వాదించింది. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ కల్పించుకొన్న తరువాత, మార్చి 5 నాటికి యాప్‌లను తిరిగి చేర్చటానికి గూగుల్ సమ్మతించింది. అదే నెల 15న పోటీ కమిషన్ రుసుముల మీద కొత్త విచారణకు ఆదేశించింది. 2025 మార్చి 28న అప్పీలు ట్రిబ్యునల్, గూగుల్ తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందన్న నిర్ణయాన్ని కొంతవరకు సమర్థిస్తూ జరిమానాను 216.69 కోట్లకు తగ్గించింది. ఆ తీర్పు మీది అప్పీళ్లను సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో విచారణకు స్వీకరించింది.

మరొక రేవు కట్టే ప్రయత్నాలు కూడ జరిగాయి. ఫోన్‌పే సంస్థ 2024 ఫిబ్రవరి 21న ఇండస్ యాప్‌స్టోర్‌ను తెరిచింది. తెలుగుతో సహా పన్నెండు భారతీయ భాషలలో యాప్‌లను వెదికే వీలు కల్పించి, రూపకర్త తనకు నచ్చిన చెల్లింపు పద్ధతిని వాడుకొంటే కమీషన్ అడుగబోమని ప్రకటించింది. కాని కొత్త అంగడి ఎంత చవకైనదైనా కొనేవారు అక్కడికి నడిచిపోవాలి. ప్లే స్టోర్ ఫోనుతోపాటే వస్తుంది. బయటినుండి యాప్‌ను దింపుకొనబోతే ఫోను ముందుగా ఒక హెచ్చరిక చూపుతుంది. ఆ హెచ్చరిక భద్రత దృష్ట్యా అవసరమే. మోసపు యాప్‌ల బారిన పడి బ్యాంకు ఖాతాలు పోగొట్టుకొన్నవారి కథలు తరచు వినవస్తున్నాయి. అయినా అదే హెచ్చరిక నిజాయితీగల కొత్త అంగడికి కూడ అడ్డుగోడ అవుతుంది.

ఇక గిద్దలూరు యువకుని వంటివానికి మిగిలిన దారి ఒకటుంది. చందాను తన వెబ్‌సైటులో యూపీఐ ద్వారా తీసుకొని, యాప్‌ను పాఠం చూడటానికి మాత్రమే ఉంచటం. ఇటువంటి యాప్‌లను గూగుల్ నియమాలు అనుమతించాయి. రుసుము లేదు. కాని ఆ దారి పల్లెలో ఎలా నడుస్తుందో కూడ చూడాలి. బేస్తవారిపేట వద్ద ఒక ఊరిలో కూతురి చదువు కోసం ఫోను కొన్న తండ్రికి ప్లే స్టోర్ గుర్తు తెలుసు. అందులో పేరు వెదకటం, మీట నొక్కటం తెలుసు. వెబ్‌సైటు చిరునామా టైపు చేసి, అక్కడ పేరు నమోదు చేసి, డబ్బు కట్టి, తిరిగి యాప్‌లోకి వచ్చి సంకేతపదం ఇవ్వటంలో ఏదో ఒక మెట్టు దగ్గర ఆయన ఆగిపోతాడు. ఆగిపోయిన వందమందిని పోగొట్టుకోవటమా, చేరిన వెయ్యిమంది మీద పదిహేను శాతం కట్టుకోవటమా అన్న లెక్క వేసుకొని, చాలమంది చిన్న రూపకర్తలు పదిహేను శాతం వైపే మొగ్గుతారు. కొందరు అచ్చుపుస్తకం అట్టమీద క్యూఆర్ గుర్తు ముద్రించి, పుస్తకంతోపాటే చందాను కూడ మార్కాపురం పుస్తకాల దుకాణంలో అమ్మే ఉపాయం పన్నుతారు. అక్కడ దుకాణదారుడు తన కమీషన్ తాను అడుగుతాడు; దానిమీద మాత్రం ఎదురుగా నిలబడి బేరం ఆడవచ్చు.